కొండను జరిపే నాబ్

శ్రీరామనవమి పందిట్లో పాట కచేరీ అంటే మా ఊళ్లో పిల్లలందరూ సాయంత్రం నుంచే స్టేజీ ముందు ఇసకలో చోటు పట్టుకునేవాళ్లు. నేను మాత్రం పక్కకి పోయి మైక్‌సెట్ ఆయన బల్ల దగ్గర నిలబడేవాణ్ని. బల్ల మీద పెద్ద ఆంప్లిఫయరు, దాని నెత్తిన ఇంకో చిన్న పెట్టె. ఆ చిన్న పెట్టెకి మూడే మూడు నాబ్‌లు. ఆయన మైకు నోటి దగ్గర పెట్టుకుని "హలో, మైక్ టెస్టింగ్, వన్, టూ, త్రీ" అనగానే ఆ ‘త్రీ’ అక్కడితో ఆగేది కాదు. త్రీ, త్రీ, త్రీ అంటూ సన్నబడుతూ కొబ్బరితోటల్లోకి వెళ్లిపోయేది. కాసేపటికి పాడేవాడు స్టేజీ మీద నుంచే సైగ చేసేవాడు: "అన్నా, ఎకో కొంచెం పెంచు." పాట సగంలో ఉండగా కమిటీ పెద్ద ఒకాయన కండువా సర్దుకుంటూ వచ్చి, "ఏమయ్యా, ఒక్క ముక్క అర్థమై చావట్లేదు, తగ్గించు" అనేవాడు. మైక్‌సెట్ ఆయన ఇద్దరికీ తలూపేవాడు. నాబ్ మీద చెయ్యి వేసి, ఏమీ తిప్పకుండానే తీసేసేవాడు. ఇద్దరూ సంతోషంగా ఉండేవాళ్లు.

ముప్ఫై ఏళ్లు దాటాక హైదరాబాద్‌లో, మూడో అంతస్తు గదిలో, ఒళ్లో ఎలక్ట్రిక్ గిటారు పెట్టుకుని కాళ్ల దగ్గరున్న ఇనప డబ్బా వంక చూస్తే అవే మూడు నాబ్‌లు. మీటిన స్వరం ఎంతసేపటికి తిరిగి రావాలో ఒకటి చెబుతుంది, ఎన్నిసార్లు రావాలో రెండోది, ఎంత గట్టిగా రావాలో మూడోది. టైం, ఫీడ్‌బ్యాక్, మిక్స్. కంపెనీని బట్టి పేర్లు మారతాయి గానీ పని మారదు. దీన్నే డిలే పెడల్ అంటారు. పెద్ద సబ్బుపెట్టెంత ఉంటుంది, గిటారుకీ ఆంప్‌కీ మధ్య కూర్చుంటుంది. కాలితో ఒక నొక్కు నొక్కితే మన స్వరాన్ని ఒకపక్క నేరుగా పంపించేసి, దాని నకలును ఇంకోపక్క కాస్త పట్టి ఉంచి వదులుతుంది.

చెప్పడానికి ఇంతే. ఈ ఇంతకోసం డెబ్బై ఏళ్లుగా మనుషులు టేపులు అతికించారు, లోహపు చక్రాలు తిప్పారు, చిప్పులు చేశారు. పాత యంత్రంలో లోపాన్ని సరిచేశానంటూ ప్రతి తరంలోనూ ఒక ఇంజినీరు కొత్తదాన్ని పట్టుకొచ్చాడు. వాయించేవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉంది గానీ, ఆ లోపం ఏదీ?" అని అడిగాడు. డిలే పెడల్ కథంతా ఈ బేరమే.

గోడ ఎంత దూరంలో ఉంది

గోల్కొండ కోటకి విహారయాత్ర వెళ్లిన ప్రతి బడిపిల్లా ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టే ఉంటుంది. అక్కడి చప్పుడు పైన బాలాహిస్సార్ దాకా వినబడటం ఆ కోట కట్టినవాళ్ల గొప్ప. అక్కడ శబ్దం ఎక్కి వెళుతుంది. మనకి కావాల్సింది వెళ్లి వెనక్కొచ్చే శబ్దం. చిన్నప్పుడు నూతిలోకి వంగి ఎవరి పేరు వాళ్లు అరుచుకుని, వెనకనుంచి అమ్మమ్మ చేత తిట్లు తిన్న అనుభవం ఉన్నవాళ్లకి దీని రుచి తెలుసు.

శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. 17 మీటర్ల దూరంలో గోడ ఉంటే పోయి రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది. గోడ అంతకంటే దగ్గరుంటే మన చెవి అసలు మాటనీ తిరిగొచ్చిన మాటనీ విడదీసుకోలేక రెంటినీ ఒకటిగా కలిపేసుకుంటుంది. ఇప్పుడు పెడల్ దగ్గరికి రండి. టైం నాబ్‌ని 120 మిల్లీసెకన్ల దగ్గర పెడితే ఎదురుగా 20 మీటర్లకి కాస్త అవతల గోడ ఉన్నట్టు. 300 దగ్గర పెడితే గోడ 51 మీటర్లకి పోయింది. 800 దగ్గరికి తిప్పితే 137 మీటర్ల అవతల కొండ. అంటే, కుర్చీలోంచి లేవకుండా బొటనవేలూ చూపుడువేలూ పెట్టి కొండను వెనక్కీ ముందుకీ జరుపుతున్నామన్నమాట. రెండో నాబ్‌తో మన వెనక ఇంకో కొండ పుడుతుంది. శబ్దం ఆ రెంటి మధ్య బంతిలా ఎగురుతుంది. మూడో నాబ్ తిప్పితే కొండలు నున్నటి రాతివా, చెట్లు కమ్మినవా అన్నది తేలుతుంది.

టేపు తిరిగిన కాలం

అమెరికాలోని మెంఫిస్‌లో, 706 యూనియన్ అవెన్యూలో శామ్ ఫిలిప్స్ అనే ఆయన 1950లో చిన్న స్టూడియో తెరిచాడు. 1954లో ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డు అక్కడే తయారైంది. ఆ గదిలో ప్రతిధ్వని కోసం ప్రత్యేకమైన ఏర్పాటేమీ లేదు. ఫిలిప్స్ దగ్గర ఉన్నవల్లా ఆంపెక్స్ టేప్ రికార్డర్లు. అలాంటి రికార్డర్‌లో శబ్దాన్ని ఎక్కించే హెడ్ ఒకటి, చదివే హెడ్ దాని పక్కన ఇంకొకటి. టేపు మొదటిదాన్ని దాటి రెండోదాన్ని చేరాలంటే కాస్త సమయం పడుతుంది. టేపు సెకనుకి 15 అంగుళాలు నడుస్తూ, హెడ్‌ల మధ్య 2 అంగుళాల ఎడం ఉందనుకోండి, 133 మిల్లీసెకన్లు. రెండో హెడ్ చదివినదాన్ని పాటలో కలిపేస్తే అయిపోయింది. చెంపదెబ్బ కొట్టినట్టు చటుక్కున ఒక్కసారి వెనక్కొచ్చి ఆగిపోయే ఈ చప్పుడుకి స్లాప్‌బ్యాక్ అని పేరు.

స్టూడియోలో బాగానే ఉంది. కచేరీకి వెళ్లిన గిటారిస్టు ఏం చెయ్యాలి? ఇల్లినాయ్ రాష్ట్రంలో కైరో అనే చిన్న పట్నంలో రే బట్స్ అనే ఆయన ఆంప్ పెట్టె లోపలే టేపు యంత్రం అమర్చి ఎకోసోనిక్ అని పేరు పెట్టాడు. 1950ల మధ్యలో గిటారిస్టు చెట్ అట్కిన్స్ ఒకటి తీసుకున్నాడు. ఎల్విస్ పక్కన గిటారు వాయించే స్కాటీ మూర్ కూడా తెప్పించుకున్నాడు. ఆ తర్వాత ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌కి చెందిన మైక్ బాటిల్ ఎకోప్లెక్స్ చేశాడు. దాని పైభాగంలో పట్టా లాంటి సందు ఉంటుంది. హెడ్‌ను అందులో వేలితో అటూ ఇటూ జరిపితే డిలే పెరుగుతుంది, తగ్గుతుంది. కొండను జరపడం అన్నానే, అది అక్షరాలా కళ్లకి కనబడేది అక్కడే.

ఇటలీలో మిలాన్ నుంచి బిన్సన్ ఎకోరెక్ వచ్చింది. దాంట్లో టేపు ఉండదు. అయస్కాంత పూత ఉన్న చక్రం తిరుగుతూ ఉంటే చుట్టూ హెడ్‌లు కాచుకుని ఉంటాయి. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ వాళ్ల 1971 నాటి ‘వన్ ఆఫ్ దీజ్ డేస్’ మొదట్లో గుర్రం దౌడు తీసినట్టు వచ్చే బేస్ గిటారు మోత దీని చలవే. జమైకాలో కింగ్‌స్టన్ నగరపు రేడియో మెకానిక్ కింగ్ టబ్బీ పాటలోంచి గొంతు తీసేసి, అక్కడక్కడ ఒక్క మాట మాత్రం ఎకోలోకి విసిరి ‘డబ్’ అనే సంగీతాన్నే పుట్టించాడు. ఆయన కథ విడిగా ఒక ముఖచిత్ర కథనానికి సరిపోతుంది కాబట్టి ఇక్కడ ముట్టుకోను.

1974లో జపాన్ నుంచి రోలాండ్ స్పేస్ ఎకో ఆర్ఈ-201. నాకు ఈ యంత్రాల్లో అన్నిటికంటే ముచ్చటైనది ఇదే. మూత తీస్తే చక్రాలూ రీళ్లూ కనబడవు. టేపు ఒక పల్చటి గదిలో సేమ్యాలా మెలికలు తిరిగి పడి ఉంటుంది. ఒకవైపు నుంచి లాక్కుంటూ, ఇంకోవైపు వదులుతూ అలా తిరుగుతూనే ఉంటుంది. చదివే హెడ్‌లు మూడు. ఏ హెడ్ ఎప్పుడు పలకాలో ఎంచుకోవడానికి 12 స్థానాల స్విచ్చు.

వీటన్నిటికీ రోగాలు ఒకటే. మోటారు నడక ఒక్క తీరుగా ఉండదు, అందుకని తిరిగొచ్చిన స్వరం సన్నగా వణుకుతుంది. టేపు అరిగిన కొద్దీ పైస్థాయి మెరుపు పోతుంది. రెండో మారు వచ్చేది మొదటిదానికంటే మసక, మూడోది ఇంకా మసక. క్యాసెట్ కాలం వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. టేపు నలిగిన చోట పాట వంకరపోతే పెన్సిలు దూర్చి తిప్పుకున్నవాళ్లమే. ఆ వంకరే గిటారిస్టులకి నచ్చింది. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. దగ్గర్లో పడ్డ పిడుగు ఫెళ్లుమంటుంది, దూరాన పడ్డది గుడగుడమంటుంది. పైస్థాయి శబ్దాన్ని గాలి దారిలోనే తినేయడం దానికి ఒక కారణం. మసకబారిన శబ్దం దూరాన్నుంచి వస్తోందని మన చెవికి పుట్టినప్పటినుంచీ తెలుసు. అంచేత టేపు చేసిన తప్పు చెవికి ఒప్పుగా వినబడింది. పైగా పాత స్వరం మసకబారి వెనక్కి తగ్గితే కొత్త స్వరానికి ముందు చోటు దొరుకుతుంది.

ఎకోప్లెక్స్ మూడో రకం, ఈపీ-3, ఇంకా విచిత్రం. లోపలికొచ్చిన శబ్దానికి దాని ముందరి సర్క్యూట్ ఏదో చిన్న నిగారింపు ఇచ్చేది. ఎకో మొత్తం తగ్గించేసి, ఆ నిగారింపు కోసమే అంత బరువు పెట్టెని ఊరూరా మోసినవాళ్లున్నారు. పెరుగన్నం కోసం కాకుండా పక్కన పెట్టే ఊరమిరపకాయ కోసం పెళ్లికెళ్లే మా మావయ్యలాంటి వాళ్లు.

బిందెల వరస

పూరిల్లు అంటుకుంటే చెరువు నుంచి ఇంటిదాకా జనం వరసగా నిలబడి బిందెలు చేతులు మారుస్తారు. 1969లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు ఇదే పనిని చిప్పు లోపల చేయించారు. బిందెల బదులు బుల్లి కెపాసిటర్లు, నీళ్ల బదులు విద్యుదావేశం. గడియారం టిక్కుమన్నప్పుడల్లా ఒక బిందెలోది పక్క బిందెలోకి పోతుంది. ఈ చివర పోసిన శబ్దం ఆ చివర చేరడానికి పట్టేదే డిలే. పేరు కూడా అలాగే, బకెట్ బ్రిగేడ్ అనే పెట్టారు.

గిటారు లోకంలో పేరుమోసిన చిప్పు మత్సుషిత కంపెనీ ఎంఎన్ 3005. అందులో 4096 మెట్లు. గడియారం సెకనుకి పదివేల జతల టిక్కులు కొడితే దాదాపు 205 మిల్లీసెకన్ల డిలే వస్తుంది. ఇంకా ఎక్కువ కావాలంటే గడియారాన్ని మెల్లగా నడపాలి. మెల్లగా నడిపితే బిందెల్లో నీళ్లు ఒలుకుతాయి, గడియారం టిక్కులు కూడా కీచుమని వినబడతాయి. ఆ కీచు వినబడకుండా ఫిల్టరు పెడితే స్వరంలో మెరుపు కూడా దాంతోపాటే పోతుంది. మళ్లీ మసక! దారి మారింది, రోగం మాత్రం పాతదే.

1981లో బాస్ కంపెనీ డీఎం-2 ఇలాంటిదే, 300 మిల్లీసెకన్ల దాకా వెళుతుంది. ఇక మొత్తం టేపు పీడా బిందెల పీడా వదిలించాలని అదే కంపెనీ 1983లో డీడీ-2 తెచ్చింది. కాలికింద పట్టేంత డబ్బాలో డిజిటల్ డిలే అదే మొదటిది. శబ్దాన్ని అంకెలుగా మార్చి జ్ఞాపకంలో దాచి, 800 మిల్లీసెకన్ల తర్వాత కూడా ఇచ్చినది ఇచ్చినట్టు తిరిగి ఇస్తుంది. వణుకు లేదు, మసక లేదు. మరుసటేడాది డీఎం-2 తయారీ ఆగిపోయింది.

ఇక్కడితో కథ ముగిసిపోవాలి. ముగియలేదు. ఇచ్చినది ఇచ్చినట్టే వెనక్కొస్తుంటే ఏది ఇప్పుడు వాయిస్తున్నదో ఏది ఇందాకటిదో తెలియట్లేదని కొందరు ముఖం చిట్లించారు. ఆగిపోయిన పాత డబ్బాల కోసం సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో వెతుకులాట పెరిగింది. 1999లో లైన్ 6 కంపెనీ వాళ్లు డీఎల్4 అనే ఆకుపచ్చ పెట్టెలో కంప్యూటర్ పెట్టి, పాత టేపు యంత్రాల్నీ బిందెల చిప్పుల్నీ అనుకరించేలా చేశారు. 2014లో బాస్ కంపెనీయే డీఎం-2ని బిందెల చిప్పుతో సహా మళ్లీ విడుదల చేసింది. ఇవాళ ఖరీదైన డిజిటల్ పెడల్ కొంటే అందులో టేపు వయసు ఎంతుండాలి, వణుకు ఎంతుండాలి అనేదానికి విడిగా నాబ్‌లు ఉంటాయి. కొత్త జీన్స్ కొన్నప్పుడే మోకాళ్ల దగ్గర చిరుగులు అడిగి తీసుకున్నట్టు.

పెడల్ వేసే తాళం

ఐర్లండ్ బ్యాండ్ యూ2 గిటారిస్టుని ‘ది ఎడ్జ్’ అంటారు. బ్యాండ్ మొదటి ఆల్బం ‘బాయ్’, 1980. ఆయన దగ్గరున్నది ఎలక్ట్రో-హార్మోనిక్స్ వాళ్ల మెమరీ మ్యాన్, బిందెల రకమే. మిగతావాళ్లు డిలేని పాట మీద కొసరుగా చల్లుకునేవాళ్లు. ఈయన పెడల్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని దాంతో జంటగా వాయించాడు. 2008లో వచ్చిన ‘ఇట్ మైట్ గెట్ లౌడ్’ అనే డాక్యుమెంటరీలో ఆయన ఎఫెక్టులన్నీ ఆపేసి చేత్తో అసలు వాయిస్తున్నది ఎంతో చూపిస్తాడు. చూస్తే నవ్వొస్తుంది, చాలా కొంచెం. ఆ కొంచెం ఎక్కడ పెట్టాడన్నదే ఆయన విద్య.

ఆ గుట్టు మన తాళం భాషలో చెప్పుకుంటే తేలిక. నిమిషానికి 120 దెబ్బల వేగం అనుకోండి. ఒక దెబ్బకి 500 మిల్లీసెకన్లు. దాన్ని ‘తకధిమి’ అని నాలుగు చేస్తే ఒక్కో అక్షరానికి 125. ఇప్పుడు పెడల్‌ని మూడు అక్షరాల దూరంలో, అంటే 375 దగ్గర పెట్టండి. తిరిగొచ్చేది ఒక్కసారే చాలు. అది మనం మీటినంత గట్టిగానూ రావాలి. మీరు ‘త’నీ ‘ధి’నీ మాత్రమే మీటండి. ‘క’, ‘మి’ ఖాళీ వదిలెయ్యండి. మీరు మీటిన ‘త’ మూడు అక్షరాలు ఆగి ‘మి’ చోట పడుతుంది. మీరు మీటిన ‘ధి’ మూడు అక్షరాలు ఆగి రాబోయే ‘క’ చోట పడుతుంది. వినేవాడికి తకధిమి తకధిమి అని ఎక్కడా సందు లేకుండా జలపాతంలా వినిపిస్తుంది. చేతికి మాత్రం సగం పనే. తకధిమిలో తకిటని నడిపించడం మృదంగం వాళ్లకి మంచినీళ్లు తాగినంత పని. వాళ్లకి ఈ పెడల్ ఇస్తే ఐదు నిమిషాల్లో పట్టేస్తారని నా నమ్మకం. 1987లో వచ్చిన ‘వేర్ ద స్ట్రీట్స్ హావ్ నో నేమ్’ మొదట్లో గిటారు వినండి, అంతా ఈ మూడక్షరాల లెక్కే. అంతకుముందే 1979లో పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ ‘రన్ లైక్ హెల్’లో ఇదే దారి తొక్కాడు.

ఇందులో తిరకాసు ఏమిటంటే, పెడల్‌కి దయ ఉండదు. మృదంగం ఆయన గాయకుడు తడబడితే సర్దుకుంటాడు. పెడల్ మాత్రం 375 అంటే 375. మన చెయ్యి కొంచెం ముందుకి పోయినా నకళ్లు మన స్వరాల మడమలు తొక్కుతాయి. మొదటిసారి నేను దీన్ని ప్రయత్నించినప్పుడు నాకు తాళజ్ఞానం ఉందన్న భ్రమ పావుగంటలో పోయింది. వారం రోజులు మెట్రోనోమ్‌తో కూర్చుంటే గానీ ఒక్క నిమిషం నిలకడగా రాలేదు. ట్యాప్ టెంపో బటన్ ఉన్న పెడల్ అయితే కాలితో దరువేసి వేగం చెప్పొచ్చు. కానీ ఆ కాలే తప్పితే?

క్వీన్ బ్యాండ్ బ్రయన్ మే ఇంకో వాటం. 1974 నాటి ‘బ్రైటన్ రాక్’ సోలో కచేరీల్లో వాయించేటప్పుడు రెండు ఎకోప్లెక్స్‌లు పెట్టుకుని, ఒక్కోదాన్నీ విడి ఆంప్‌కి పంపేవాడు. ఒక వరస వాయిస్తాడు. అది వెనక్కొచ్చే సరికి దానికి జోడీ స్వరం పైన వాయిస్తాడు. ఆ రెండూ మళ్లీ వస్తాయి, మూడోది కలుపుతాడు. నిలబడ్డది ఒక్కడు, వినబడేది ముగ్గురు. 1972లో రాబర్ట్ ఫ్రిప్, బ్రయన్ ఈనో అనే సంగీతకారులు కలిసి రెండు రెవాక్స్ టేప్ రికార్డర్లని పక్కపక్కన పెట్టి ఒకదాంట్లో ఎక్కిన టేపుని రెండోదాని దాకా లాగారు. రికార్డర్ల మధ్య మూడడుగుల ఎడం, టేపు వేగం సెకనుకి ఏడున్నర అంగుళాలు అనుకుంటే దాదాపు ఐదు సెకన్ల డిలే! అక్కడ గది పొడవే టైం నాబ్.

పాలకొల్లు నుంచి ఒక తీగ

ఈ కథలోకి మనవాడొకడు వస్తాడు. మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి, ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించి పెద్దపెద్ద విద్వాంసుల్ని ఒప్పించినవాడు. 1995లో కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అనే ఆల్బం చేశాడు. పీటర్ గాబ్రియెల్ స్థాపించిన రియల్ వరల్డ్ రికార్డు కంపెనీ దాన్ని విడుదల చేసింది. బ్రూక్ ఎవరో కాదు, మీటిన స్వరం ఎంతసేపైనా ఆగకుండా మోగే ‘ఇన్ఫినిట్ గిటార్’ చేసినవాడు. అలాంటిదొకటి ది ఎడ్జ్‌కీ ఇచ్చాడు. ‘విత్ ఆర్ వితవుట్ యూ’ పాటలో సన్నగా సాగే తీగ అదే. అలా చూస్తే పాలకొల్లుకీ యూ2 వాళ్ల ఊరు డబ్లిన్‌కీ మధ్య ఒక్క మనిషే అడ్డం.

‘డ్రీమ్’ విన్నప్పుడల్లా, మన రాగానికీ సాగిపోయే శబ్దానికీ పొత్తు ఎంతవరకు కుదురుతుందో ఇంట్లో చూడాలనిపించేది. చూశాను. 400 మిల్లీసెకన్ల డిలే పెట్టి, నాలుగైదు రిపీట్లు వచ్చేలా ఫీడ్‌బ్యాక్ సర్ది, మోహనంలో నాలుగు వరసలు మీటాను. హాయిగా ఉంది. మోహనంలో పక్కపక్కన ఒరుసుకునే స్వరాలు లేవు కాబట్టి పాత స్వరం మీద కొత్తది ఎక్కడ పడ్డా పేచీ లేదు. మధ్యమావతి కూడా అంతే. అదే ఊపులో తోడి అందుకున్నాను. శుద్ధ రిషభం మీద ఇందాకటి షడ్జమం నకలు పడగానే పంటికింద రాయి పడ్డట్టయింది. పైగా గమకం. ఊగుతున్న స్వరం మీద, అర క్షణం కింద ఇంకో కోణంలో ఊగిన అదే స్వరం. తోడికి కావాల్సింది చుట్టూ నిశ్శబ్దం. దాన్ని ఈ పెడల్ ఇవ్వలేదు. తర్వాత ఫీడ్‌బ్యాక్ మొత్తం తగ్గించి, ఒక్క రిపీట్ మాత్రం ఉంచి, వరసకీ వరసకీ మధ్య అది సద్దుమణిగేదాకా ఆగి వాయిస్తే కాస్త నయం. ఆ ఆగడమే కష్టం. చేతికి గిటారు ఇచ్చాక ఊరుకోవడం ఎవరి తరం?

పొగ, పురుగులు, పాఠాలు

గుజరాతీ గల్లీ అంటే కోఠీలో ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే చోటు. అక్కడ చిన్నచిన్న డబ్బాల్లో పీటీ 2399 అనే చిప్పు దొరుకుతుంది. తైవాన్ ప్రిన్స్‌టన్ టెక్నాలజీ వాళ్లది. కరావోకే మిక్సర్ల వంటి వాటిలో ఎకో కోసం చేసిన చవక చిప్పు, ఇప్పుడు ఇంట్లో పెడల్ కట్టుకునేవాళ్లందరికీ అదే అన్నం ముద్ద. నేనూ ఒకటి తెచ్చి బ్రెడ్‌బోర్డ్ మీద గుచ్చాను. ఆరో కాలికీ గ్రౌండ్‌కీ మధ్య పెట్టే రెసిస్టరే దాని టైం నాబ్. అర కిలోఓమ్ పెడితే 31 మిల్లీసెకన్లు, 27.6 కిలోఓమ్‌లు పెడితే 342. అంతకుమించి లాగితే వెనకాల బుసబుసమని చీమలపుట్ట చప్పుడు మొదలవుతుంది. మొదటి రోజు నా బోర్డు ఎంతకీ పలకలేదు. వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చాను, రెండుసార్లు. కరెంటు ఇచ్చే క్షణంలో ఆ రెసిస్టర్ మరీ తక్కువగా ఉంటే చిప్పు బిగుసుకుపోతుందట. నేను నాబ్‌ని కిందికి తిప్పి ఉంచి స్విచ్ వేస్తున్నాను. పైకి తిప్పి వేస్తే చక్కగా పలికింది. ఆ పలికింది విని నాకు ఒళ్లు ఝల్లుమంది, గిటారుకి కాదు. నవమి పందిట్లో మైక్‌సెట్ ఆయన ‘త్రీ’ సరిగ్గా అలాగే మసకబారుతూ పోయేది.

రెండో ప్రమాదం మాత్రం పూర్తిగా స్వయంకృతం. పెడల్ అడాప్టర్ కనబడక వైఫై రూటర్‌ది పీకి పెట్టాను. ప్లగ్గు సరిగ్గా దూరింది. మామూలు పెడల్‌కి కావాల్సింది 9 వోల్టులు, ప్లగ్గు మధ్యన నెగెటివ్. రూటర్‌ది 12 వోల్టులు, మధ్యన పాజిటివ్. లైటు వెలగలేదు, సన్నగా కాలిన వాసన మాత్రం వచ్చింది. వీధి చివర టీవీలు బాగుచేసే కుర్రాడు మూత విప్పి చూసి, "ప్లగ్గు దూరిందని పెట్టేస్తారా సార్?" అన్నాడు. తప్పు కరెంటుకి అడ్డుపడే బుల్లి డయోడ్ ఒక్కటే చచ్చిపోయి మిగతా పెడల్‌ని బతికించింది. కొత్త డయోడ్ వేసి, డబ్బులు తీసుకోకుండా, "ఒకసారి మోగించి చూపించండి" అన్నాడు.

చూపించాను. ఫీడ్‌బ్యాక్ నాబ్‌ని పూర్తిగా తిప్పాను. వెళ్లినది వెళ్లినంతకంటే ఎక్కువ బలంతో తిరిగొస్తే ఏమవుతుంది? ఫంక్షన్ హాల్లో మైకుని స్పీకర్ ముందుకి తెస్తే కూ అని ఊళ వేస్తుందే, అదే అవుతుంది. ఒక్క స్వరం మీటి చెయ్యి తీసేశాను, పెడల్ తనంతట తనే పెరుగుతూ పోయింది. ఆ ఊళ నడుస్తుండగా టైం నాబ్ తిప్పితే అసలు తమాషా. లోపల ఉన్న శబ్దం సాగి, కుంచించుకుని, స్టేషన్‌లో ఆగని రైలు కూత మనల్ని దాటిపోయినట్టు జారుతుంది. ఆ కుర్రాడు నాబ్ నా చేతిలోంచి లాక్కుని పది నిమిషాలు అదే చేశాడు. పక్కనున్న మిక్సీల కొట్టాయన వచ్చి ఏం కాలుతోందని అడిగాడు.

మిక్స్ ఎంతుండాలన్నదానికి నాకు తెలిసిన లెక్క ఒక్కటే, అదీ మైక్‌సెట్ ఆయన దగ్గర చూసి నేర్చుకున్నది. పెడల్ ఉన్నట్టు వినబడకూడదు, ఆపేసినప్పుడు మాత్రం ఏదో వెలితి తెలియాలి. ఎడ్జ్ లెక్కకి ఇది పనికిరాదు, అక్కడ నకలు అసలుతో సమానం. మిగతా తొంభై పాళ్లకి పనికొస్తుంది. స్వరాన్ని గరుకుగా చేసే డిస్టార్షన్ వాడేవాళ్లు దాన్ని డిలేకి ముందు పెట్టుకుంటే రిపీట్లు విడివిడిగా వస్తాయి. తర్వాత పెడితే అన్నీ కలిసి గంజి అవుతాయి. గంజి కూడా ఒక రుచే అనేవాళ్లున్నారు, నేను కాదు.

ఇక టైం నాబ్‌ని అటు చివరికి, బాగా తక్కువకి తిప్పితే ఏమవుతుందో చాలామంది చూడరు. 20 మిల్లీసెకన్ల దగ్గర పెట్టి ఫీడ్‌బ్యాక్ పెంచండి. రిపీట్లు ఇక రిపీట్లుగా వినబడవు. సెకనుకి 50 సార్లు వచ్చేసరికి అవే ఒక స్వరమైపోతాయి. గిటారు మీద ఏం మీటినా రేకు గొట్టంలోంచి వచ్చినట్టు ఆ స్వరం వెంటబడుతుంది. 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ అనే ఇద్దరు దీన్ని కంప్యూటర్‌లో తలకిందులుగా వాడుకున్నారు. ఒక చిటికెడు రొదని బాగా పొట్టి డిలేలో వేసి, తిరిగొచ్చిన ప్రతిసారీ కొంచెం మసకబారేలా చేశారు. వినిపించింది రొద కాదు, అచ్చంగా మీటిన తీగ. ఎందుకంటే తీగ చేసేదీ అదే. మీటగానే పుట్టిన అల మెట్టు దాకా పోయి, తగిలి, అటు చివరికి పోయి, తగిలి, ప్రతి రాకపోకలో కాస్త మెరుపు వదిలేసుకుంటుంది. గిటారు ఆరో తీగ సెకనుకి సుమారు 82 సార్లు కంపిస్తుంది. ఒక్కో రాకపోకకి 12 మిల్లీసెకన్లు.

ఈ సంగతి తెలిసిన రాత్రి పెడల్ జాక్ పీకేసి, ఆంప్ ఆపేసి, గిటారు చెక్కకి చెవి ఆనించి ఆరో తీగ ఒక్కసారి మీటాను. ఎంతసేపు వినిపిస్తుందో లెక్కపెడదామని. ఫ్యాను రొదలో ఆరు సెకన్ల దగ్గర తప్పిపోయింది. లేచి ఫ్యాను ఆపి మళ్లీ మీటాను. పదకొండు దాకా వచ్చింది. పన్నెండో సెకనుకి కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేశారు.